రెట్‌కు చెప్పని బిడ్డ

ప్రశ్న: మార్గరెట్ మిచెల్ రాసిన "గాన్ విత్ ద విండ్" నవలను మొదట ఎం.వి. రమణారెడ్డి గారి తెలుగు అనువాదం "చివరకు మిగిలింది"లోనూ, ఆ తరువాత ఇంగ్లీషులోనూ చదివాను. నాయిక స్కార్లెట్‌ను వదిలి భర్త రెట్ బట్లర్ వెళ్ళిపోయే ఆ ముగింపు నా మనసులో నిలిచిపోయింది. ఈ మధ్య మా వదినగారి బీరువాలో దానికి కొనసాగింపుగా అలెగ్జాండ్రా రిప్లీ రాసిన "స్కార్లెట్" కనబడితే ఎంతో ఆశతో మొదలుపెట్టాను. తండ్రికి చెప్పకుండా బిడ్డను కని పెంచడం, చివరకు ఆ బిడ్డ నీడలోనే ఇద్దరూ ఒకటి కావడం అనే ట్రోప్ (కథల్లో పదేపదే వాడే ఫార్ములా) నాకు మొదటినుంచీ గిట్టదు. మా అక్క కాపురం చెడినప్పుడు పెద్దలందరూ "కడుపున ఒక నలుసు పడితే అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నారు. నలుసు పడింది, ఏదీ సర్దుకోలేదు. స్కార్లెట్ తన బిడ్డ సంగతి రెట్‌కు చెప్పకూడదని నిశ్చయించుకున్న చోట పుస్తకం మూసేశాను. ఇప్పుడు మొదటి నవల తెరిచినా ఆ కోపమే గుర్తుకొస్తోంది. "కథే కదా, ఇంత పట్టించుకోవాలా" అని వదినగారు అంటున్నారు. మిగిలిన భాగం చదవాలా? నాకు ఇష్టమైన నవలను మళ్ళీ మునుపటిలా చదువుకోగలనా? నా సొంత బాధను పుస్తకం మీద రుద్ది ఆ రచయిత్రికి అన్యాయం చేస్తున్నానా? — ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం:

సోదరీ,

మీరు అన్నిటికన్నా చివర, కొంచెం బెరుకుగా అడిగిన ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను. జీవితంలో తగిలిన దెబ్బ వల్ల ఒక రకం కథ మీద అయిష్టం ఏర్పడితే, ఆ అయిష్టంతో పుస్తకం చదవడం రచయిత్రికి అన్యాయం చేయడం కాదు. చదివే ప్రతివారూ తాము చూసిన కాపురాలను, విన్న మాటలను వెంటబెట్టుకునే పుస్తకం తెరుస్తారు. నవలలు రాసేవారు కూడా మనం అలాగే వస్తామన్న నమ్మకంతోనే రాస్తారు. పుస్తకంలో లేనిదాన్ని ఉన్నట్లు చెప్పి నిందించినప్పుడు మాత్రమే అన్యాయం జరుగుతుంది. మీరు ఆ పని చేయలేదు. మీ అక్కగారి సంగతి తెలియని మనిషి, ఈ ఫార్ములా మీద ఏ కోపమూ లేని మనిషి ఆ రెండు పుస్తకాలనూ వరుసగా చదివినా, రెండోది మొదటిదానికి తీర్చవలసిన బాకీ తీర్చలేదనే అనుకోవలసి వస్తుందని నా నమ్మకం. రెట్ మనసు ఎందుకు విరిగింది, అది మళ్ళీ కలుస్తుందా, కలిస్తే దేనివల్ల అన్నది మొదటి నవల మిగిల్చిన ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు ఉండవలసిన చోట కొనసాగింపు ఒక పసిబిడ్డను కూర్చోబెట్టింది.

చివరిదైన 63వ అధ్యాయాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. ఆష్లీ భార్య మెలనీ చనిపోయింది. ఇన్నేళ్లుగా తాను ప్రేమించానని భ్రమపడిన ఆష్లీ తనకు ఏమీ కాడని, తన మనిషి రెట్ అని స్కార్లెట్‌కు అప్పుడే తెలిసివచ్చి, పొగమంచులో పడి ఇంటికి పరుగెత్తుకొచ్చింది. ఆమెకు 28 ఏళ్లు, అతనికి 45. అతను అరవడు, నిందించడు. పూర్తిగా అలసిపోయిన మనిషి మాట్లాడే తీరులో, తాను ఆమెను ఎంతగా ప్రేమించాడో, ఆ ప్రేమను ఆమెకు ఎందుకు తెలియనివ్వలేదో విడమరచి చెబుతాడు. తనను ప్రేమించేవారి ప్రేమను ఆమె చేత్తో పట్టుకుని వారి నెత్తిమీదే కొరడాలా ఆడిస్తుందని అతనికి తెలుసు కాబట్టి దాచుకున్నాడట. ఆమె కూడా దాచుకుంది, అయితే ఆమె తన మనసును తన నుంచే దాచుకుంది. ఒకరికొకరు చెప్పుకోకపోవడం వల్ల చెడిన కాపురం అది. పగిలిన ముక్కలను ఓపికగా ఏరి అతికించి, అతికించినదాన్ని కొత్తదానితో సమానమని నమ్ముకునే మనిషిని తాను కాదని అతను అన్నప్పుడు మన గుండె జారిపోయేది, ఆ మాటలో మొండితనం లేకపోవడం వల్లనే. అతను బెట్టు చేయడం లేదు; నిజంగానే అతని దగ్గర ఇక ఏమీ మిగలలేదు.

ఇప్పుడు మీ కోపానికి అసలు ఆధారమైన విషయానికి వస్తాను. బిడ్డ వల్ల ఆ దంపతులు కలుస్తారా అన్న ప్రశ్నను మార్గరెట్ మిచెల్ మొదటి నవలలోనే వేసి, జవాబు కూడా చెప్పేసింది. ఆ దంపతులకు బానీ అనే కూతురు పుట్టింది. రెట్ ఆ పిల్లను కళ్లలో పెట్టుకుని పెంచాడు. అట్లాంటాలో తనను వెలివేసినట్లు చూసిన పెద్దింటి ఆడవాళ్ల ముందు ఆ పిల్ల భవిష్యత్తు కోసం తల వంచాడు. ఎందుకంత ప్రేమ? చివరి అధ్యాయంలో అతనే చెబుతాడు: అమెరికా అంతర్యుద్ధం, పేదరికం తాకకముందు స్కార్లెట్ ఎలా ఉండేదో బానీలో చూసుకున్నాడు, స్కార్లెట్ చేయనివ్వని గారాబమంతా ఆ పిల్లకు చేశాడు. ఆ పిల్ల గుర్రం మీద నుంచి పడి చనిపోయినప్పుడు, ఆమెతో పాటు సర్వమూ పోయిందంటాడు. ఆ మాటలను జాగ్రత్తగా చదివితే, బానీ ఉన్న రోజుల్లో కూడా ఆ ఇద్దరి మధ్య దూరం ఒక్క అంగుళం తగ్గలేదని తెలుస్తుంది. భార్యకు అందవలసిన ప్రేమ దారి మళ్ళి కూతురికి చేరింది, అంతే.

రెండో సందర్భం ఇంకా క్రూరమైనది. ప్రయాణం నుంచి తిరిగివచ్చిన రెట్‌కు మెట్ల పైన నిలబడి తాను మళ్ళీ గర్భవతినని స్కార్లెట్ చెబుతుంది. నిజానికి ఆమెకు ఆ బిడ్డ కావాలని ఉంది, అతని కళ్లలో సంతోషం కనబడుతుందేమోనని వెతుకుతోంది కూడా. కానీ నోటి నుంచి వచ్చేవి ముళ్లమాటలు. అతను అంతకు రెట్టింపు విషంతో, బాధపడకు, గర్భం పోతుందేమోలే అంటాడు. ఆమె అతని మీదికి ఉరుకుతుంది, అతను పక్కకు తప్పుకుంటాడు, ఆమె మెట్ల మీద నుంచి దొర్లిపోతుంది. బిడ్డ దక్కలేదు. ఆ తరువాత ఆమె ప్రాణాపాయంలో పడి ఉన్న రోజుల్లో అతను తన గది తలుపు తెరిచి పెట్టుకుని, ఒక్కసారి తన పేరు పిలుస్తుందేమోనని ఎదురుచూశాడు. ఆమె మనసులో అతన్నే తలచుకుంది, పేరు మాత్రం పైకి పలకలేదు. అతను తాగి మెలనీ ఒడిలో తల పెట్టుకుని ఏడ్చాడు. ఆ రాత్రి ఒక్క పిలుపు చేయగలిగిన పనిని కడుపులోని బిడ్డ చేయలేకపోయిందని రచయిత్రి ఇంత స్పష్టంగా చూపించిన తరువాత, మరో రచయిత్రి వచ్చి అదే జంటను మరో బిడ్డతో కలపబోతే, మొదటి పుస్తకాన్ని మనసుపెట్టి చదివినవారు నొచ్చుకోవడంలో వింత లేదు. "నలుసు పడితే సర్దుకుంటాయి" అన్న మాట అబద్ధమని మీకు మీ అక్కగారి జీవితం చెప్పింది. ఆ నవల కూడా అదే చెప్పింది. మీకు ఆ నవల అంతగా నచ్చడానికి అది కూడా ఒక కారణమేమో ఆలోచించండి.

"స్కార్లెట్" ఎలా నడుస్తుందో, మీరు ఆపిన తరువాత ఏమవుతుందో క్లుప్తంగా చెబుతాను. ముగింపు తెలియకపోవడమే మిమ్మల్ని తొలుస్తుంటే ఆ బాధైనా తీరుతుంది. రెట్ సొంత ఊరు చార్లెస్టన్ దగ్గర సముద్రంలో తుఫానుకు పడవ బోల్తాపడి, ప్రాణాలతో ఒడ్డుకు చేరిన ఉద్వేగంలో ఆ ఇద్దరూ ఒకటవుతారు. వెంటనే రెట్ తప్పుకుంటాడు. ఆమె సవానాకు, అక్కడి నుంచి తండ్రి తరఫు బంధువులతో ఐర్లండ్‌కు వెళుతుంది. కడుపులో బిడ్డ ఉందని తెలిసిన తరువాత రెట్ నుంచి విడాకులు, ఆ పైన అతను ఆన్ అనే యువతిని పెళ్ళి చేసుకున్నాడన్న వార్త వస్తాయి. ఇక చెప్పకూడదని ఆమె నిశ్చయించుకుంటుంది. హాలోవీన్ రాత్రి చావుబతుకుల మధ్య ఆడపిల్లను కంటుంది, ఆ పిల్లను క్యాట్ అని పిలుచుకుంటుంది. ఏళ్లు గడుస్తాయి. ఆన్ చనిపోతుంది. ఐర్లండ్‌లో భూస్వాముల మీద తిరగబడిన జనం స్కార్లెట్ ఎస్టేటు మీద పడినప్పుడు రెట్ వస్తాడు; తల్లీ తండ్రీ బిడ్డా ఒక పురాతన గోపురంలో తలదాచుకుంటారు; ఆ ముగ్గురూ కలిసి వెళ్ళిపోవడంతో నవల ముగుస్తుంది.

గమనించారా, ఆన్ చనిపోకపోతే ఆ ముగింపు లేదు. జనం తిరగబడకపోతే లేదు. రెట్ మనసులో ఏం మారింది, ఎప్పుడు మారింది అన్నదానికి మాత్రం అన్ని వందల పేజీల్లో నిలకడగా కూర్చుని జవాబు చెప్పే ఘట్టం నాకు కనబడలేదు. మొదటి పుస్తకంలో ఇద్దరి దాపరికం వల్ల చెడిన సంసారాన్ని రెండో పుస్తకం ఇంకో పెద్ద దాపరికంతో ముందుకు నడిపింది. ఆ దాపరికాన్ని నవలే బోనులో నిలబెట్టి ఉంటే, బానీని పోగొట్టుకుని సగం చచ్చిన తండ్రికి తనకు మరో కూతురు ఉందన్న సంగతి ఏళ్ల తరబడి చెప్పకపోవడం ఎంత పెద్ద శిక్షో, అది తెలిసిన నాడు అతనికి ఎంత కోపం రావాలో, ఆ కోపాన్ని ఆమె ఎలా భరించాలో రాసి ఉంటే, ఈ ఫార్ములాతోనే ఒక గొప్ప పుస్తకం వచ్చి ఉండేది. అందుకని ఫార్ములానే తప్పు పట్టలేను. దాని నుంచి పుట్టవలసిన సంభాషణను పుస్తకం తప్పించుకుంది.

ఇంకో సంగతి మీరు ఉత్తరంలో రాయలేదు కానీ, చదువుతున్నప్పుడు మీకూ తట్టే ఉంటుంది. స్కార్లెట్‌కు అంతకుముందు పెళ్ళిళ్ల వల్ల అప్పటికే వేడ్, ఎల్లా అనే ఇద్దరు పిల్లలు ఉన్నారు. తల్లి అడుగుల చప్పుడు వింటేనే ముడుచుకుపోయే పిల్లవాడు వేడ్. కొనసాగింపులో ఆ ఇద్దరినీ తన పుట్టింటి ఎస్టేటు టారాలో వదిలిపెట్టి తల్లి సముద్రం దాటిపోతుంది. బిడ్డ ప్రేమతో ఒక స్త్రీ మారిపోయిందని చెప్పదలచుకున్న నవల, ఆ మార్పు ఫలం అంతకుముందే పుట్టిన పిల్లలకు ఎందుకు అందలేదో చెప్పకపోతే ఎలా? నన్ను అడిగితే క్యాట్‌ను దాచడం కన్నా వేడ్‌ను మరిచిపోవడం పెద్ద లోపం.

అలెగ్జాండ్రా రిప్లీకి న్యాయం చేయడానికి ఒక మాట చెప్పాలి. ఆమె చార్లెస్టన్‌లో పుట్టి పెరిగిన మనిషి. ఆ ఊరి మర్యాదలు, అప్పుల్లో ఉండి కూడా పరువు వదలని కుటుంబాలు, రెట్ తల్లి ఎలినోర్ చుట్టూ నడిచే భాగాలు ఆమె బాగా రాసింది. క్యాట్‌తో స్కార్లెట్ గడిపే ఘట్టాల్లో కూడా, పిల్లలంటే అడ్డంకి అనుకున్న స్త్రీ మొదటిసారి ఒక బిడ్డను బిడ్డగా చూడడం కనబడుతుంది. తల్లిగా స్కార్లెట్ ఎదిగిన కథ అనుకుంటే ఆ పుస్తకానికి కొంత విలువ ఉంది. ప్రేమకథకు కొనసాగింపు అనుకున్నప్పుడే చిక్కు, ఎందుకంటే ఆ ఎదుగుదల జరుగుతున్న కాలమంతా రెట్ దాదాపుగా కథలో లేడు.

ఆమె ముందున్న పని కూడా తేలికైనది కాదు. మిచెల్ ఆ నవల చివరి అధ్యాయాన్నే మొదట రాసుకుని, దానికి దారితీసే కథను తరువాత అల్లుకుంటూ వచ్చిందన్నది ప్రసిద్ధమైన విషయం. 1936లో పుస్తకం వచ్చి, 1937లో పులిట్జర్ బహుమతి పొంది, పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి రెట్ తిరిగి వచ్చాడా అని అడిగినా, ఆమె కొనసాగింపు రాయడానికి ఒప్పుకోలేదు. 1949 ఆగస్టులో అట్లాంటాలో రోడ్డు దాటుతుండగా కారు ఢీకొని మరణించింది. హక్కులు వారసులకు వచ్చాయి. వారు రిప్లీని ఎంపిక చేసుకున్నారు; 1988లో, నవల పూర్తికాకముందే, అమెరికాలో దాని ప్రచురణ హక్కులు దాదాపు 50 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడుపోయాయి. 1991లో పుస్తకం వచ్చినప్పుడు విమర్శకులు చీల్చి చెండాడారు, జనం మాత్రం విరగబడి కొన్నారు. అంత డబ్బు పెట్టి కొన్న పుస్తకం ఆ ఇద్దరినీ కలపకుండా ముగిసే అవకాశం ఎంత ఉంటుంది? మిచెల్ తనకు ఇష్టమైన ముగింపును ముందు రాసుకుని దానికి తగిన మనుషులను సృష్టించింది. రిప్లీ ఇతరులు కోరిన ముగింపును ముందు పెట్టుకుని, ఆ ముగింపుకు ఏమాత్రం సిద్ధంగా లేని మనుషులను అక్కడికి నడిపించవలసి వచ్చింది. కాళ్లు కదలని మనుషులను కదిలించడానికి నవలాకారులకు ఎప్పుడూ చేతికందే సాధనం పసిబిడ్డ.

మన సాహిత్యం ఎరిగిన మీకు ఈ కథ కొత్తదేమీ కాదు. తండ్రికి దూరంగా పెరిగిన బిడ్డ, ఏళ్ల తరువాత భార్యాభర్తలు ఎదురుపడడం మన పురాణాల్లో ఉన్నంత బలంగా మరెక్కడైనా ఉందా అనిపిస్తుంది. అయితే ఆ కథలను నిలబెట్టింది బిడ్డ కాదు. నన్నయ గారి ఆదిపర్వంలో శకుంతల భరతుణ్ణి వెంటబెట్టుకుని దుష్యంతుడి సభకు వస్తుంది. పిల్లవాడు ఎదుటే నిలబడి ఉన్నాడు, తండ్రి పోలికలు కొట్టొచ్చినట్లు కనబడుతున్నాయి, అయినా రాజు అన్నీ తెలిసి ఎరుగనంటాడు. అంటే బిడ్డను చూపించడం వల్ల పని జరగలేదు. అప్పుడు శకుంతల మాట్లాడుతుంది. మన పిల్లలు బడిలో కంఠస్థం చేసే పద్యం అక్కడిదే. నూరు నూతుల కన్న ఒక బావి మేలు, నూరు బావుల కన్న ఒక యజ్ఞం మేలు, నూరు యజ్ఞాల కన్న ఒక కొడుకు మేలు, అటువంటి నూరుగురు కొడుకుల కన్న ఒక్క సత్యవాక్యం మేలు అని ఆమె నిండు సభలో రాజు ముఖం మీద చెప్పింది. కన్నకొడుకు చేయి పట్టుకుని నిలబడిన తల్లి, నాకు నీ కొడుకు కన్న నీ నిజమైన మాట ముఖ్యమని అంటోంది. తరువాత ఆకాశవాణి పలకడం, రాజు ఒప్పుకోవడం జరిగినా, లోకం ఏమంటుందోనని తెలిసి కూడా కాదన్నానని అతని నోటితోనే చెప్పించాడు కవి. "స్కార్లెట్"లో మీరు వెతికింది అటువంటి ఒక్క వాక్యం. రెట్ నోటి నుంచో, స్కార్లెట్ నోటి నుంచో అది వచ్చి ఉంటే, క్యాట్ ఉన్నా మీకు అభ్యంతరం ఉండేది కాదనుకుంటాను.

సంస్కృత నాటకకర్త భవభూతి చేసిన పని ఇంకా సూక్ష్మమైనది, కొనసాగింపులు రాసేవారు దగ్గర పెట్టుకుని చదువుకోదగినది. వాల్మీకి ఉత్తరకాండలో లవకుశులు తండ్రి సభలో రామాయణం పాడారు, రాముడు గుర్తించాడు, సీతను పిలిపించాడు. అయినా ఆమె కలవలేదు, మళ్ళీ రుజువు అడిగిన చోట నిలబడక భూమిలోకి వెళ్ళిపోయింది. ఇద్దరు కొడుకులు ఉండి కూడా ఆ గాయాన్ని మాన్పలేకపోయారు. భవభూతికి ఆ ఇద్దరినీ కలపాలని ఉంది. అందుకని తన "ఉత్తరరామచరితం" నాటకం మూడో అంకంలో, ఎవరికీ కనబడకుండా ఉండే వరంతో సీతను పంచవటికి తీసుకొచ్చాడు. పక్కనే ఆమె ఉందని తెలియని రాముడు ఆ చెట్లను, ఆ గుట్టలను చూసి మూర్ఛపోతూ, తాను చేసినదానికి కుమిలిపోతుంటే ఆమె ప్రతి మాటా వింటుంది. పన్నెండేళ్ల కోపం ఆమెలో కరగడం మనం చూస్తాం. పిల్లలు తండ్రి ముందుకు వచ్చేది ఆ తరువాతి అంకాల్లో. వినడం అయిన తరువాతనే కలవడం. కాళిదాసు కూడా ఉంగరం దొరికి రాజు పశ్చాత్తాపంతో కాగిపోయిన అంకం ముందు పెట్టి, సింహపు కూనతో ఆడుకునే పిల్లవాణ్ణి తరువాతి అంకంలో చూపించాడు. ఈ వరుస మారితే కథ బలహీనపడుతుందని ఆ కవులకు తెలుసు.

కనుక మీకు గిట్టనిది దాచిన బిడ్డ కథ అని మీరు అనుకుంటున్నారు గానీ, మాట్లాడుకోవలసిన పెద్దవారు మాట్లాడుకోకుండా ఆ భారం బిడ్డ నెత్తిన పెట్టే కథ మీకు గిట్టదని నాకు అనిపిస్తోంది. మీ అక్కగారి విషయంలో పెద్దలు చేసింది కూడా అదే. పుట్టని బిడ్డకు ఒక ఉద్యోగం అప్పగించారు. ఆ బిడ్డ ఇప్పుడు ఎక్కడ ఉన్నా, ఆ ఉద్యోగంలో ఓడిపోయానన్న ఊహ ఎప్పుడూ దరిచేరకుండా పెరగాలని కోరుకుంటున్నాను.

"కథే కదా" అన్న మీ వదినగారి మాటకు నొచ్చుకోకండి. ఆమె మీ కోపాన్ని తేలిక చేయాలని అని ఉంటారు. కానీ కథ మీద పెట్టుకున్న ఆశను చిన్నదిగా చూడనక్కరలేదు. ఒక రచయిత్రి మనుషులను ఇంత శ్రద్ధగా మలిచి మన చేతికిచ్చిన తరువాత, ఆ మనుషులకు తగిన న్యాయం జరగాలని అడిగే హక్కు చదివినవారికి ఉంటుంది. ఆ పుస్తకంలో ఆమెకు ఏది నచ్చిందో అడిగి చూడండి. ఆమె దాన్ని ఐర్లండ్ కోసమో, ఒంటరి స్త్రీ ఎస్టేటు నిలబెట్టుకున్న కథ కోసమో ఇష్టపడి ఉండవచ్చు.

ఇక మిగిలిన భాగం చదవాలా అంటే, అక్కరలేదు. మొదలుపెట్టాం కాబట్టి పూర్తి చేయాలన్న నియమం ఏదీ లేదు, అందులోనూ కథ ఎక్కడికి చేరుతుందో మీకు ఇప్పుడు తెలుసు. ఇకమీదట కొత్త నవల తెచ్చుకునేటప్పుడు మాత్రం కొంచెం వాకబు చేసుకోండి. ఇంగ్లీషు రొమాన్సు నవలల్లో ఈ ఫార్ములాకు "సీక్రెట్ బేబీ" అని పేరే ఉంది. మిల్స్ అండ్ బూన్ తరహా పుస్తకాల్లో కొన్నింటి అట్టల మీదే ఆ మాట అచ్చు వేస్తారు, అది ఇష్టపడేవారు వెతుక్కుని మరీ కొంటారు. అక్కడ మోసం ఏమీ లేదు. పెద్ద నవలల కొనసాగింపులు అలా ముందుగా చెప్పవు కాబట్టే దెబ్బ గట్టిగా తగులుతుంది. చదివిన స్నేహితులను "ఇద్దరూ దేనివల్ల కలుస్తారు?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, కథ మొత్తం చెప్పించుకోకుండానే మీకు కావలసింది తెలిసిపోతుంది.

మీ ఇష్టమైన నవలను తిరిగి పొందడం గురించి మీరు అనుకుంటున్నంత దిగులు అవసరం లేదు. "స్కార్లెట్" అధికారిక కొనసాగింపు అయిన మాట నిజమే. అయితే అదే వారసుల అనుమతితో 2007లో డొనాల్డ్ మెక్‌కేగ్ రాసిన "రెట్ బట్లర్స్ పీపుల్" వచ్చింది. అది రిప్లీ పుస్తకాన్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు. అందులో ఐర్లండ్ లేదు, క్యాట్ లేదు. రెట్ వైపు నుంచి కథ చెప్పి, తనదైన దారిలో ఆ ఇద్దరినీ కలిపాడు. హక్కుదారులే ఒకదానికొకటి పొసగని రెండు కొనసాగింపులకు ఆమోదముద్ర వేశారంటే, రెట్ వెళ్ళిపోయిన తరువాత జరిగింది ఇదేనని కచ్చితంగా చెప్పగల అధికారం ఎవరికీ లేదన్నమాట. మన ఉత్తర రామకథ ఒక కవి చేతిలో వియోగంగా, మరో కవి చేతిలో సంయోగంగా ముగిసినట్లే ఇదీ.

కొనసాగింపుల మీదే మీకు విరక్తి కలగకుండా ఉండాలని మరో పుస్తకం పేరు చెబుతాను. 2001లో ఆలిస్ రాండల్ అనే నల్లజాతి రచయిత్రి "ద విండ్ డన్ గాన్" రాసింది. టారా వంటి ఎస్టేటు యజమానికీ, అక్కడ బానిసగా ఉన్న స్త్రీకీ పుట్టిన కూతురు అందులో కథ చెబుతుంది. అంటే స్కార్లెట్ వంటి నాయికకు ఆమె సవతి సోదరి. మొదటి నవల బానిసత్వాన్ని యజమానుల ముచ్చటగా చూపించిన తీరు మీద ఆమెకు ఎంతో కోపం ఉంది, ఆ కోపానికి న్యాయమైన కారణమూ ఉంది. వారసులు కోర్టుకు వెళ్ళారు, నిషేధం తెచ్చుకున్నారు, పై కోర్టు ఆ నిషేధాన్ని తొలగించింది. మీకూ నాకూ ఎంతో ఇష్టమైన నవలలో మనం చూడకుండా దాటిపోయిన పేజీలు ఎన్ని ఉన్నాయో ఆ చిన్న పుస్తకం చూపిస్తుంది. అందులోనూ ఒక తండ్రి పైకి ఒప్పుకోని బిడ్డ ఉంది, కానీ ఆ బిడ్డ ఎవరి కాపురాన్నీ సర్దదు. తన కథ తానే చెప్పుకుంటుంది.

అది చదవడానికి ముందు, మొదటి నవలను మొదటి పేజీ నుంచి కాకుండా బానీ మరణం దగ్గర నుంచి తెరవండి. చివరి అధ్యాయంలో రెట్ తన దారి చెబుతున్నప్పుడు, లోకులు చెవులు కొరుక్కోకుండా ఉండడానికి అప్పుడప్పుడూ వచ్చిపోతుంటానంటాడు. మిచెల్ తన పాఠకులకు ఇచ్చిన తిరిగిరావడం ఆ మాత్రమే. అందులో ఆశ ఉందా, లేక వెళ్ళిపోవడం కన్న అదే ఎక్కువ బాధా అన్నదాని మీద నాకు ఒక అభిప్రాయం ఉంది గానీ, ముందు మీది వినాలని ఉంది. చదివి తప్పక రాయండి.